అరచేతిలో పొక్కులు - నోటిలో చుట్ట

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల పాలకవర్గ సభ్యుల, కార్యదర్శుల శిక్షణా తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో మాకు కేటాయించిన అంశం రిజిస్టర్ల నిర్వహణ. భోజనాలకు ముందు ఒక అరగంట మాత్రం వేరే సంగతి చెప్పుకుంటామని అధ్యక్షులవారిని అడిగి అనుమతి తీసుకున్నాము. "ఇన్‌స్పెక్టరుగారికి చర్మరోగాల సంగతి ఎందుకు?" అని మీలో కొందరు అనుకోవచ్చును. మేము వైద్యులము కాము. మాకున్నది సహకార డిప్లొమా, ముప్ఫయి ఏళ్ళ తనిఖీ అనుభవం, అంతే. కాని ఈ సంగతి మాకు రిజిస్టరులోనే కనబడినది.

మూడేళ్ళ క్రితం ప్రకాశం జిల్లాలో ఒక సంఘం లెక్కలు చూస్తున్నాము. ఊరి పేరు చెప్పము. ఆ ఊరివారు మంచివారే, పేరు చెబితే నొచ్చుకుంటారు. పాలసేకరణ పద్దులు తిరగేస్తుంటే ఒక సభ్యుని దగ్గర ఆగవలసి వచ్చినది. పదకొండేళ్ళుగా రెండు పూటలా పాలు పోస్తున్న మనిషి. వెన్నశాతం ఎప్పుడూ ఏడుకు తగ్గలేదు. ఒక తేదీ నుండి హఠాత్తుగా ఖాళీ. నలభై రోజులు గడిచినా ఒక్క చుక్క లేదు. గేదెలు వట్టిపోతే పాలు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చి ఆగుతాయి గాని ఇట్లా కత్తితో కోసినట్లు ఆగవు. గేదెలను అమ్మివేశాడా అంటే దాణా ఖాతాలో అప్పు మిగిలియున్నది, గేదెలు దొడ్లోనే ఉన్నవి.

కార్యదర్శిని అడిగాము. ఆయన కలం మూత తీసి, మళ్ళీ పెట్టి, "వాళ్ళే మానుకున్నారండీ" అన్నాడు. పాలు పరీక్షించే కుర్రవాడు మాత్రం దాచలేదు. "ఆయన చేతులకు ఏదో జబ్బండీ. ఆ చేతులతో పితికిన పాలు మా పాలలో కలిపితే మేము పోయమని నలుగురు ఆడవాళ్ళు గొడవ చేశారు. కొందరు కుష్టు అన్నారు. రేపటి నుండి తేవద్దని చెప్పేశాము" అన్నాడు.

కాగితం మీద తీర్మానం లేదు. నోటీసు లేదు. నోటిమాటతో ఒక వాటాదారుని పాలు ఆపివేశారు. ఆ సంఘం ఉపనిబంధనలు తీసి చూశాము. కల్తీపాలు, విరిగిన పాలు, జబ్బుపశువు పాలు తిరస్కరించవచ్చునని ఉన్నది. సభ్యుని చర్మం చూచి తిరస్కరించమని ఎక్కడా లేదు. పైగా ఏడాదిలో ఇన్ని రోజులు పోస్తేనే బోనసు, ఓటు అనే నియమం ఉన్నది. మరికొన్ని వారాలు గడిస్తే ఆయనకు ఆ రెండూ పోయేవే. ఈలోగా టీకొట్టు వాడికి లీటరుకు చాలా తక్కువకు పోసుకుంటున్నాడు.

సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాము. యాభై దాటిన రైతు. రెండు అరచేతులూ చూపించాడు. మధ్యలో పసుపుపచ్చని చిన్న చిన్న చీముపొక్కులు, కొన్ని ఎండి గోధుమరంగు మచ్చలైనవి, చుట్టూ ఎర్రగా కందిన చర్మం పొరలు పొరలుగా ఊడుతున్నది. అరికాళ్ళు కూడా అంతే. గేదెను పితకాలంటే చర్మం పగిలి నెత్తురు వస్తున్నదన్నాడు. చెబుతున్నంతసేపూ పెదవి చివర లంకపొగాకు చుట్ట. మా వేళ్ళ మధ్య సిగరెట్టు కూడా ఉన్నదని ఇక్కడే ఒప్పుకుంటున్నాము. ఆయన భార్య మా ఇద్దరికీ అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చినది.

మరుసటి వారం ఆయనను పట్నంలో ప్రభుత్వ ఆసుపత్రి చర్మవైద్యుల దగ్గరకు తీసుకుపోయాము. ఆ డాక్టరుగారు చేతులు చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న, "చుట్టా, బీడీనా?" మాకు ఆశ్చర్యం వేసినది. పొగకూ ఊపిరితిత్తులకూ సంబంధం అందరికీ తెలుసును. అరచేతికేమి సంబంధం? ఆ పూట ఆయన చెప్పినదీ, తరువాత మేము మళ్ళీ రెండుసార్లు వెళ్ళి అడిగి తెలుసుకున్నదీ మీ ముందు పెడుతున్నాము.

సోరియాసిస్ అనే జబ్బు ఉన్నది. మన ఊళ్ళలో కొందరు పొలుసుల జబ్బు అంటారు. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, తలలో, నడుము మీద ఎర్రని దళసరి మచ్చలు లేచి వాటి మీద వెండిలాంటి పొట్టు రాలుతుంది. మామూలుగా మన చర్మం అడుగుపొర నుండి పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు ఒక నెల పడుతుంది. ఈ జబ్బులో అదంతా నాలుగైదు రోజుల్లోనే జరిగిపోతుంది. పచ్చి ఇటుకలతో గోడ కట్టినట్లు, పొర పండకముందే పైకి వచ్చి పొట్టై రాలుతుంది. అరచేతుల్లో, అరికాళ్ళలో చీముపొక్కులుగా వచ్చే రకం మరొకటి. దీనిని కొందరు వైద్యులు సోరియాసిస్‌కు కొమ్మ అంటారు, కొందరు వేరే జబ్బే అంటారు. మన సభ్యునికి వచ్చినది ఇదే.

అన్నిటికన్న ముందు తెలుసుకోవలసినది, ఇది అంటుకోదు. తాకితే రాదు, పక్కన కూర్చుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, పాల ద్వారా రాదు. ఆ పొక్కులలో కనిపించే చీములో క్రిములు ఉండవు. పుండు పడితే వచ్చే చీము వేరు, ఇది వేరు. శరీరంలో రోగనిరోధక కణాలనే కావలివాళ్ళు ఉంటారు గదా. దొంగ లేకపోయినా వాళ్ళు కర్రలు పట్టుకుని ఇంటివాళ్ళ మీదనే పడితే ఎట్లా ఉంటుందో ఈ జబ్బు అట్లాంటిది. కుష్టు దారి వేరు. అందులో మచ్చకు స్పర్శ ఉండదు. దానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా మందులు ఇస్తారు, మందు మొదలుపెట్టిన తరువాత అది కూడా ఇతరులకు సోకదు. కాబట్టి ఆ నలుగురు ఆడవాళ్ళు అనుకున్నట్లు అది కుష్టే అయినా, గుమ్మంలో నిలబెట్టి పంపివేయడం తప్పే అయ్యేది. గజ్జి, తామర అంటుకుంటాయి. బొల్లి అంటుకోదు. ఏది ఏదో తేల్చవలసినవాడు వైద్యుడే గాని పాలకేంద్రం ముందు వరుసలో నిలబడినవారు కాదు.

ఇక పొగ సంగతికి వస్తాము. ఈ జబ్బుకు పుట్టుకతో వచ్చే స్వభావం ఒక కారణం. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది. కాని విత్తనం ఉన్నంత మాత్రాన మొలక రాదు, తడి తగలాలి. ఆ తడి పెట్టేవాటిలో పొగ ఒకటి. అమెరికాలో డెబ్బయి ఎనిమిది వేలకు పైగా నర్సులను 1991 నుండి 2005 వరకు కనిపెట్టి చూశారు. ఆ ఫలితాలు 2007లో అచ్చయినవి. అప్పటికి తాగుతున్నవారిలో సోరియాసిస్ రావడం, ఎన్నడూ తాగనివారి కంటె నూటికి డెబ్బయి ఎనిమిది వంతులు ఎక్కువ. అంటే తాగనివారిలో వందమందికి వస్తే, అంతే జనాభా గల తాగేవారిలో నూట డెబ్బయి ఎనిమిది మందికి. తాగి మానినవారిలో ఆ ఎక్కువ ముప్ఫయి ఏడుకు దిగినది. మానిన ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా తగ్గుతూ, ఇరవై ఏళ్ళకు ఎన్నడూ తాగనివారికి దగ్గరగా వచ్చినది. తల్లి కడుపులో ఉండగా, చిన్నతనంలో ఇంటిలో ఇతరుల పొగ పీల్చినవారికి కూడా పెద్దయిన తరువాత ఈ జబ్బు కొంత ఎక్కువగా కనిపించినది. కోడలు నెల తప్పిన ఇంట్లో వసారాలో కూర్చుని చుట్ట వెలిగించే మామగార్లు ఈ మాట చెవిన వేసుకోవలెను.

అంతకు రెండేళ్ళ ముందు, 2005లో, ఇటలీ దేశపు వైద్యులు ఇంకొకటి తేల్చారు. జబ్బు వచ్చినవారిలోనే రోజుకు ఇరవై సిగరెట్లు మించి కాల్చేవారికి, పది లోపు కాల్చేవారి కంటె జబ్బు తీవ్రంగా ఉండే అవకాశం రెండింతలు పైచిలుకు అట. ఇక అరచేతి పొక్కుల రకం సంగతి మరీ స్పష్టం. పశ్చిమ దేశాల ఆసుపత్రులలో ఈ రకంతో వచ్చినవారిలో అత్యధికులు తాగుతున్నవారో, తాగి మానినవారో. డాక్టరుగారు చేయి చూడకముందే చుట్ట సంగతి అడగడం ఇందుకే.

పొగలోని నికోటిను నెత్తురులో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. చర్మపు కణాల మీద, ఆ కావలివాళ్ళ మీద కూడా దానికి తగులుకునే చోట్లు ఉన్నవి. అరచేతుల్లో, అరికాళ్ళలో చెమట నాళాలు దట్టంగా ఉంటాయి గదా, పొక్కులు మొదలయ్యేది ఆ నాళాల చుట్టూనే. పొగలోని తక్కిన విషాలు వాపును ఇంకా రెచ్చగొడతాయి. దీనికి మించి లోపలి సంగతులు డాక్టరుగారు చెప్పారు గాని మాకు అర్థమైనంతవరకే చెప్పడం మర్యాద.

ఆ లెక్కలు సిగరెట్ల మీద తీసినవి గదా, మాది బీడీ, మాది చుట్ట అని తప్పించుకోవడానికి లేదు. బీడీ పొగలో నికోటిను, తారు, బొగ్గువాయువు సిగరెట్టు కంటె ఎక్కువే. శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్ళు కొందరు అడ్డపొగ తాగుతారు, నిప్పు నోటిలోపల పెట్టుకుని. దానితో అంగిట్లో వచ్చే పుండ్లు, క్యాన్సరు గురించి ఇక్కడ మొదలుపెడితే భోజనం వేళ దాటిపోతుంది.

ఈ మాటలు పొగాకు పండే జిల్లాలో చెబుతున్నామన్న సంగతి మేము మరువలేదు. ఈ జిల్లాలో ఎన్నో ఇళ్ళకు స్లాబు పడినది పొగాకు వేలంలో వచ్చిన డబ్బుతోనే. నిజామాబాదు, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టి సంసారం ఈదే తల్లులు ఎందరో ఉన్నారు. వారి కష్టం మీద మాకు మాట లేదు. మేము మాట్లాడుతున్నది కాల్చడం గురించి.

క్రిందటేడు ఒక సమావేశంలో ఈ సంగతి చెబుతుంటే ఒక పెద్దాయన లేచి, "మా నాయన ఎనభై ఏళ్ళు చుట్ట తాగాడయ్యా, ఒళ్ళు నిగనిగలాడుతూ పోయాడు" అన్నాడు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాము. ఆయన చెప్పినది అబద్ధం కాదు. తాగినవారందరికీ ఈ జబ్బు రాదు. చుట్ట వాసనే పడనివారికి కూడా వస్తుంది. టీకా వేయించని గేదె గాలికుంటు రాకుండా తప్పించుకున్న దొడ్డి ప్రతి ఊళ్ళోనూ ఒకటి ఉంటుంది. దానిని చూచి టీకా మానుకున్న రైతును మేము చూడలేదు.

పొగ ఒక్కటే కాదు. సారా, బ్రాందీ, ఒంటి బరువు, మనోవ్యధ కూడా ఈ జబ్బును పెంచుతాయి. ఈ స్వభావం ఉన్నవారికి చర్మం గీచుకున్నచోట, పలుపుతాడు ఒరుసుకున్నచోట కొత్త మచ్చ లేవవచ్చును. పిల్లలకు గొంతునొప్పి జ్వరం వచ్చిన తరువాత ఒళ్ళంతా చిన్న చిన్న మచ్చలు రావచ్చును. రక్తపోటుకు వాడే కొన్ని బిళ్ళలతో కూడా ఎక్కువవుతుంది. అయితే ఈ మాట విని ఎవరూ బిళ్ళలు మానివేయరాదు, వైద్యునికి చెప్పాలి, అంతే. జబ్బు చాలా కాలం ఉన్నవారిలో కొందరికి కీళ్ళు వాస్తాయి. ఉదయం లేవగానే వేళ్ళు ముడుచుకోకపోతే అది పితికి పితికి వచ్చిన నొప్పి అని వదిలివేయవద్దు.

వైద్యం గురించి రెండు మాటలు తప్పకుండా చెప్పాలి, వీటిలో ప్రాణాపాయం ఉన్నది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే గొట్టం మందులలో స్టిరాయిడు కలిసినవి చాలా ఉన్నవి. రాసినప్పుడు వెంటనే తగ్గినట్లే ఉంటుంది, చర్మం పలచబడుతుంది, ఆపగానే జబ్బు విరుచుకుపడుతుంది. స్టిరాయిడు బిళ్ళలు, ఇంజెక్షన్లు ఆకుపసరు పేరుతో ఇచ్చేవారు కూడా ఉన్నారు. వాటిని హఠాత్తుగా ఆపితే ఒళ్ళంతా చీముపొక్కులు లేచి ఆసుపత్రి పాలు కావలసి వస్తుంది. రెండవది, పెద్ద జబ్బుకు వైద్యులు మెథోట్రెక్సేట్ అనే బిళ్ళ రాస్తారు. అది వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకునే మందు. తెలియక రోజూ వేసుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్నవారు ఉన్నారు. చదువురాని సభ్యుని ఇంట్లో ఆ చీటీ ఉంటే, ఏ వారం వేసుకోవాలో క్యాలెండరు మీద సున్న చుట్టి ఇవ్వడం కార్యదర్శికి అయిదు నిమిషాల పని. ఆ మందు వాడేవారు మద్యం ముట్టరాదు.

మన సభ్యుని కథ సగంలో వదిలాము. డాక్టరుగారు మందు రాసి, చుట్ట మానవలెనని చెప్పి పంపారు. బస్సు స్టాండులో ఆయన మమ్ములను చూచి, "మీరు ఆ సిగరెట్టు మానేయండి సారూ, నేను చుట్ట మానేస్తా" అన్నాడు. అందులో వెటకారం లేదు, మామూలుగానే అన్నాడు. మా జేబులో పెట్టె ఉన్నది. ఏమి చెప్పాలో తోచలేదు. సరే అన్నాము.

తరువాత పది రోజులు ఏమి చెప్పమంటారు? మొదటి మూడు నాలుగు రోజులు మరీ కష్టం. తల దిమ్ము, ఊరికే కోపం, ఆఫీసులో గుమాస్తాను అనవసరంగా కసిరాము. కోరిక పుట్టినప్పుడు అయిదు నిమిషాలు ఓర్చుకుంటే అది దాటిపోతుందని డాక్టరుగారు చెప్పిన మాట నిజం. సోంపు నమలడం, మంచినీళ్ళు తాగడం, లేచి నాలుగు అడుగులు వేయడం. రెండు నెలల తరువాత ఒక పెళ్ళిలో మళ్ళీ కాల్చాము. ఆ వారం ఆరు కాల్చాము. సిగ్గుపడి మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టాము. రెండవసారి ప్రభుత్వంవారి పొగాకు మానిపించే టెలిఫోను, 1800-11-2356కు ఫోను చేశాము. డబ్బు పడదు, మందలించరు, ఏ రోజు మానాలో ముందుగా నిర్ణయించుకోమని, ఏమి చేయాలో చెబుతారు. ఇప్పటికి రెండేళ్ళ మూడు నెలలు అయినది. ఆయన చుట్ట మానడం మాకంటె ముందే, ఒక్కసారితోనే జరిగినది.

చేతులు వెంటనే నయం కాలేదు. మానిన మొదటి నెలలో కొత్త పొక్కులు వస్తూనే ఉండేవి, "మానినా ఇంతేగదా" అని ఆయన భార్య కూడా అన్నది. నాలుగైదు నెలలకు పొక్కులు పలచబడినవి. మానినవారిలో ఈ అరచేతి రకం తగ్గుముఖం పడుతుందని స్వీడన్ దేశపు వైద్యులు కూడా చూశారు. పూర్తిగా పోయినదని చెప్పము. చలికాలంలో ఎడమచేతిలో ఇప్పటికీ కొంచెం కనిపిస్తుంది, మందు రాసుకుంటాడు. మందు ఎంత పని చేసినదో, చుట్ట మానడం ఎంత పని చేసినదో విడదీసి చెప్పడం మావల్ల కాదు.

సంఘంలో పాలకవర్గ సమావేశం పెట్టించి డాక్టరుగారి చీటీ చదివించాము. అంటువ్యాధి కాదని, ఆ సభ్యుని పాలు ఆ పూట నుండే తీసుకోవలెనని తీర్మానం రాయించాము. పాలు ఆపిన రోజులను ఆయన గైరుహాజరుగా లెక్కించరాదని కూడా రాయించాము, లేకపోతే బోనసు పోయేది. ఒక ఆడమనిషి లేచి, "మరి చేతులు పగిలి నెత్తురు వస్తుంటే ఎట్లాగండీ?" అన్నది. అది న్యాయమైన ప్రశ్నే. పగిలిన చేయి ఎవరిదైనా సరే, సోరియాసిస్ అయినా, కొడవలి గాయమైనా, గోరుచుట్టు అయినా, అందులో బయటి క్రిములు చేరి పాలలోకి రావచ్చును. చేయి మానేవరకు ఇంట్లో ఇంకొకరు పితకాలి, అందరూ సబ్బుతో చేతులు కడుక్కుని తుడుచుకుని పితకాలి అని నియమం పెట్టారు. ఆ నియమం ఒక్కరికి కాదు, అందరికీ. ఆ ఇంట్లో కొన్నాళ్ళు భార్య పితికినది.

పాలకేంద్రంలో, క్యాన్ల దగ్గర పొగ తాగరాదని కూడా అదే సమావేశంలో రాసుకున్నారు. పాలు వాసనను ఇట్టే పీల్చుకుంటాయని మీకు మేము చెప్పనక్కరలేదు. గడ్డివాముల దగ్గర బీడీ సంగతి సరేసరి. ఆ ఊళ్ళో ఒక ఎండాకాలం ఎవరో పారవేసిన బీడీముక్కతో మూడు వాములు తగలబడినవట. పొలుసుల జబ్బు సంగతి విని మౌనంగా ఉన్నవారు కూడా వాముల మాట రాగానే గట్టిగా చేతులు ఎత్తారు.

మొన్న మళ్ళీ ఆ సంఘానికి తనిఖీకి వెళ్ళాము. ఆయన రెండు పూటలా పోస్తున్నాడు, మూడవ గేదెను కొన్నాడు. వరుసలో ఆయన వెనక నిలబడి ఉన్నది నాడు ముందుగా గొడవ చేసిన ఆడమనిషే. ఏదో విషయానికి ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు, అడిగితే పొలం గట్టు తగాదా అని తేలినది.

మీ సంఘాలలో కూడా ఇట్లా హఠాత్తుగా ఖాళీ పడిన పేరు ఉంటే, ఎందుకు ఆగినదో ఈ నెలలోనే కనుక్కుని మాకు రాయవలసినదిగా కార్యదర్శులను కోరుతున్నాము. భోజనాల గంట కొట్టారు. రెండు గంటలకు రిజిస్టర్ల పాఠం మొదలవుతుంది. పాలసేకరణ రిజిస్టరు, సభ్యుల ఖాతా పుస్తకం వెంట తెచ్చినవారు దగ్గర పెట్టుకోవలెను.